పహాణీ తెలిసినవారికి డేటాబేసు కొత్తది కాదు



ఈ మధ్య మన ఓరుగల్లు ప్రాంతంలో ఏ పని మీద ఏ కార్యాలయానికి పోయినా ఒక జవాబు తరచుగా వినబడుతున్నది. "కంప్యూటరులో అట్లా ఉన్నది, మేమేమి చేయగలము?" భూమి విస్తీర్ణం తక్కువ పడినా ఇదే మాట. పేరులో ఒక అక్షరం మారినా ఇదే మాట. పత్తి వేసిన చేనికి మొక్కజొన్న అని నమోదైనా ఇదే మాట. చెప్పేవారు చేతులెత్తుతున్నారు. వినేవారు తలవంచుకొని ఇంటిదారి పడుతున్నారు. కంప్యూటరు తనంతట తాను ఏమీ వ్రాయదు; ఎవరో ఒకరు వ్రాసినదానిని అది దాచి, అడిగినప్పుడు చూపుతుంది. ఈ చిన్న సంగతిని ఇరుపక్షాలవారూ మరచిపోతున్నారు.

ఇట్లా దాచి చూపే ఏర్పాటుకే డేటాబేసు అని పేరు. దీనిని నడపడం పట్నంలో చదివిన ఇంజనీర్ల పని అనీ, పల్లెలోని మనకు అందని విద్య అనీ చాలామంది అనుకొంటున్నారు. ఆ అభిప్రాయం తప్పని నా నమ్మకం. గ్రామోద్యోగులు దీనిని తప్పక నేర్వవలెను. చదువు వచ్చిన రైతులు కూడా కొంతవరకైనా నేర్వవలెను. ఎందుకు నేర్వవలెనో, ఎట్లా నేర్వవలెనో, నేర్చేటప్పుడు ఎక్కడ కాలు జారుతుందో ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

పట్టిక మనకు కొత్తది కాదు

పహాణీ పుస్తకం చూడనివారు మనలో ఎవరున్నారు? అడ్డంగా ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క సర్వే నంబరు. నిలువుగా ఒక్కొక్క కాలమ్‌లో ఒక్కొక్క వివరం: విస్తీర్ణం, తరియా ఖుష్కియా, పట్టాదారు ఎవరు, కాస్తులో ఎవరున్నారు, ఏ పంట వేశారు. డేటాబేసు లోపల ఉండేది కూడా ఇదే. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ అనే ఆంగ్లేయుడు, ఎంత పెద్ద సమాచారాన్నైనా వరుసలు, కాలమ్‌లు గల పట్టికలుగా విడదీసి, ఒక పట్టికను మరొక పట్టికతో ఒక గుర్తు ద్వారా కలుపవచ్చునని ప్రకటించాడు. ఈనాడు బ్యాంకులు, రైల్వే రిజర్వేషన్లు మొదలుకొని మన భూమి రికార్డుల దాకా ఎక్కువ భాగం ఆ సూత్రం మీదనే నడుస్తున్నవి. ఆయన చెప్పిన గుర్తు స్థానంలో మన పాత రికార్డులో సర్వే నంబరు ఉన్నది. భూమి చేతులు మారుతుంది, పేర్లు మారుతవి. సర్వే నంబరు మాత్రం నిలిచి ఉంటుంది.

1954-55 నాటి ఖాస్రా పహాణీని డెబ్బై సంవత్సరాలు గడిచినా తెలంగాణలో భూవివాదం వచ్చినప్పుడల్లా తిరిగి తెరుస్తున్నారు. అది కాగితం. అంచులు చెదలు తిన్నవి, సిరా వెలిసిపోయింది. అయినా దానికి విలువ ఎందుకున్నది? ఏ నంబరులో ఎవరున్నారో పొలం వారీగా విచారించి వ్రాసిన లెక్క కావడం చేతనే. రికార్డు బలం దానిని దాచిన పెట్టె మీద ఆధారపడదు; నింపిన చేతి మీద ఆధారపడుతుంది. కాగితం పోయి కంప్యూటరు వచ్చినా ఈ ధర్మం మారలేదు.

భూమి రికార్డులను కంప్యూటరుకెక్కించే ప్రయత్నం కూడా నిన్న మొన్నటిది కాదు. కేంద్ర ప్రభుత్వం 1988-89లో దేశంలో ఎనిమిది జిల్లాలను ఎన్నుకొని ఈ పని ప్రారంభించినప్పుడు మన రంగారెడ్డి జిల్లా వాటిలో ఒకటి. 1998లో ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చినవి. 2017లో తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినవి. భూభారతిని మొదట పరీక్షించిన నాలుగు మండలాలలో మన పూర్వపు వరంగల్ జిల్లాలోని వెంకటాపూర్ ఒకటి. ఇన్ని మార్పులు వచ్చినా, అందులో వరుస అంటే ఏమిటో, కాలమ్ అంటే ఏమిటో తెలిసిన రైతులు ఊరికి పదిమంది లేరు. విచారించవలసిన సంగతి ఇది.

గుంటల లెక్కలో పొరపాటు

నేర్చుకొనేటప్పుడు మొదట ఎదురయ్యే పొరపాటును ఈ వ్యాసకర్త స్వయంగా చేశాడు కనుక దానినే ముందు చెప్పవలెను. రెండెకరాల ఇరవై గుంటలను మనం కాగితం మీద 2.20 అని వ్రాస్తాము. ఎకరం ముప్పై గుంటలను 1.30 అని వ్రాస్తాము. చదివేవానికి అర్థమవుతుంది. నేను మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చొని కొన్ని కమతాల విస్తీర్ణాలు ఇట్లాగే ఎక్కించి, మొత్తం కట్టుమన్నాను. అది 2.20కి 1.30 కలిపి 3.50 అని చూపింది. ఎకరానికి నలభై గుంటలు కదా! యాభై గుంటలెక్కడివి? సరియైన మొత్తం నాలుగెకరాల పది గుంటలు. నాలుగెకరాల పది గుంటల చోట మూడు ఎకరాల చిల్లర పడింది. యంత్రం తప్పు చేయలేదు. దానికి తెలిసింది దశాంశం. ఎకరానికి నలభై గుంటల లెక్క అని నేను దానికి చెప్పలేదు.

దీనికంటె మెత్తగా మోసగించే పొరపాటు మరొకటి ఉన్నది. రెండెకరాల పది గుంటలను 2.10 అని వ్రాస్తే, లెక్కల పట్టికలో చివరి సున్నా విలువలేనిదని తలచి కంప్యూటరు దానిని 2.1 గా చూపుతుంది. తరువాత చూసినవాడు దానిని రెండెకరాల ఒక గుంట అని చదువుతాడు. తొమ్మిది గుంటలు గాలికి పోయినవి. గుంటకు 121 చదరపు గజాల చొప్పున 1,089 గజాల నేల, ఎవడూ గట్టు జరపకుండానే, ఒక్క సున్నాతో మాయమైనది.

దీనికి మందు సులువు. ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు వేరొక కాలమ్ పెట్టవలెను. మొత్తం కట్టేటప్పుడు అన్నింటిని గుంటలుగా మార్చి, కూడి, మరల నలభైతో భాగించవలెను. పై లెక్కలో 100 గుంటలు, 70 గుంటలు కలిసి 170 గుంటలు. అంటే నాలుగెకరాల పది గుంటలు. గుంటల కాలమ్‌లో 39 కంటె పెద్ద అంకె పడకుండా కట్టడి చేయుమని డేటాబేసుకు ముందే చెప్పవచ్చును. అప్పుడు ఎవరైనా 50 అని కొడితే అది ఒప్పుకోదు. కాగితానికి లేని ఈ గుణం డేటాబేసుకు ఉన్నది. అయితే ఆ కట్టడి పెట్టవలసినది మనిషే.

సర్వే నంబరు సంగతి కూడా ఇట్లాంటిదే. 12/5 అనే బై నంబరును సామాన్యమైన లెక్కల పట్టికలో కొడితే అది మే 12వ తేదీగానో, డిసెంబరు 5వ తేదీగానో మారిపోతుంది. పొడవైన బ్యాంకు ఖాతా నంబరును అంకెగా ఎక్కిస్తే పదిహేను అంకెల తరువాతవి సున్నాలైపోతవి. ముందున్న సున్నాలు రాలిపోతవి. కాబట్టి ఒక నియమం గుర్తుంచుకొనవలెను. కూడడానికి, తీసివేయడానికి పనికివచ్చేది మాత్రమే అంకె. సర్వే నంబరు, ఖాతా నంబరు, ఫోను నంబరు, టి అక్షరంతో మొదలయ్యే పాసుపుస్తకం నంబరు — ఇవన్నీ చూడడానికి అంకెలైనా వాస్తవానికి గుర్తులు. వీటిని అక్షరాల కాలమ్‌లోనే ఎక్కించవలెను.

పేరు వేరు, గుర్తు వేరు

మన వైపు ఐలయ్య అనే పేరు ప్రతి ఊరిలోనూ ఉన్నది. ఆ పేరును ఒకరు ఐలయ్య అని, మరొకరు అయిలయ్య అని వ్రాస్తారు. కొమురయ్యను కొమరయ్య అంటారు. పాత పహాణీలో లచ్చయ్యగా ఉన్న పెద్దమనిషి ఆధార్ కార్డులో లక్ష్మయ్య అవుతాడు. ఊరివారికి వీరంతా ఎవరో తెలుసు. డేటాబేసుకు మాత్రం ఒక అక్షరం మారితే మనిషే మారినట్లు. ఒకే ఐలయ్య మూడు వరుసలలో మూడు విధాలుగా ఉంటే అది ముగ్గురు రైతులని లెక్కిస్తుంది. ఇద్దరు వేరు వేరు ఐలయ్యలను ఒకే విధంగా వ్రాస్తే ఒకడి సొమ్ము మరొకడి ఖాతాకు చేరే ప్రమాదం కలదు.

ఊరి పేర్ల సంగతి చూడండి. 2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లాను విభజించారు. ములుగు వైపు ఒక గ్రామం ఆనాటి వరకు వరంగల్ జిల్లాలో ఉన్నది. ఆ తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లా అయినది. 2019లో ములుగు జిల్లా అయినది. ఇటు చూస్తే వరంగల్ అర్బన్ జిల్లాకు 2021లో హనుమకొండ అనీ, వరంగల్ రూరల్ జిల్లాకు వరంగల్ అనీ పేర్లు మార్చారు. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు; చిరునామా మాత్రం మారింది. పదేళ్లనాటి జాబితాను ఈనాటి జాబితాతో జిల్లా పేరు పట్టి సరిపోల్చబోతే వందల గ్రామాలు కనబడకుండా పోతవి. రామాపురాలు, వెంకటాపురాలు ఎన్ని ఉన్నవో చెప్పనక్కరలేదు. అందుచేతనే కేంద్ర పంచాయతీరాజ్ శాఖవారు ప్రతి గ్రామానికి ఒక కోడు సంఖ్య ఇచ్చారు. 2025లో మన రాష్ట్రంలో మొదలైన రైతుల రిజిస్ట్రీలో ప్రతి రైతుకు పదకొండు అంకెల సంఖ్య ఇస్తున్నదీ ఇందుకే.

గ్రామోద్యోగి మిత్రులారా, పేరు చదివి మనిషిని గుర్తుపట్టే అలవాటు మీకు ఊరిలో ఎంతో అవసరం. కంప్యూటరు ముందు మాత్రం ఆ అలవాటును కట్టిపెట్టి సంఖ్యను చూడండి. రైతు సోదరులారా, మీ సంఖ్యను, మీ పేరు వ్రాసిన తీరును పాసుపుస్తకంలోనూ, ఆధార్‌లోనూ, బ్యాంకు పుస్తకంలోనూ పక్కపక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోండి. ఇది పది నిమిషాల పని.

అన్నీ ఒకే పట్టికలో కుక్కరాదు

కొత్తగా నేర్చుకొనేవారు ఒకే పొడవాటి పట్టిక గీసి, రైతు పేరు, తండ్రి పేరు, ఫోను, సర్వే నంబరు, పంట, విత్తనం, దిగుబడి అన్నీ అందులోనే నింపుతారు. మూడు కమతాలున్న రైతు పేరు మూడుసార్లు వ్రాయవలసి వస్తుంది. రెండు కార్లకు ఆరుసార్లవుతుంది. ఫోను నంబరు మారినప్పుడు ఆరు చోట్ల దిద్దవలెను. ఐదు చోట్ల దిద్ది ఆరవది మరచిపోతారు. అప్పటినుండి ఏది నిజమో తెలియదు.

దీనికి బదులు మూడు పట్టికలు చేయవలెను. మొదటిది రైతుల పట్టిక: ప్రతి రైతుకు ఒక సంఖ్య, ఒకే వరుస. రెండవది కమతాల పట్టిక: ప్రతి కమతానికి ఒక సంఖ్య, సర్వే నంబరు, బై నంబరు, ఎకరాలు, గుంటలు, పట్టాదారు సంఖ్య, సాగుచేసేవారి సంఖ్య. మూడవది పంటల పట్టిక: సంవత్సరం, వానాకాలమా యాసంగియా, కమతం సంఖ్య, పంట, విత్తనం రకం, విత్తన సంచి మీది లాటు నంబరు, విత్తిన తేదీ, దిగుబడి. రైతు పేరు మొదటి పట్టికలో తప్ప మరెక్కడా వ్రాయరాదు. తక్కిన చోట్ల సంఖ్య చాలును. మూడింటిని కలిపి చూపే పని డేటాబేసుదే.

ఇట్లా చేస్తే ఏమి లాభమో ఒక ఉదాహరణ చెప్పుతాను. మిరప, పత్తి పండించే మన ప్రాంతంలో నాసి విత్తనం బెడద ఎంతటిదో మీకు తెలుసు. 1997-98లో పత్తి పంట పోయి వరంగల్ రైతులు అనేకులు ప్రాణాలు తీసుకొన్న సంగతి ఈ జిల్లా మరువలేదు. విత్తనం మొలకెత్తకపోయినా, కాపు రాకపోయినా, ఒక్కొక్క రైతు ఒంటరిగా పోయి మొరపెట్టుకొంటే, "మీ యాజమాన్యం లోపం" అనే జవాబు వస్తుంది. పంటల పట్టికలో లాటు నంబరు వ్రాసి ఉంటే, ఒకే ప్రశ్నతో, ఆ లాటు వేసినవారందరూ ఎవరు, ఎన్ని ఎకరాలు, ఏ తేదీన విత్తారు, ఎవరికి ఎంత పండింది అని ఒక పేజీలో తీయవచ్చును. ముప్పైమంది రైతులు, రసీదులతో సహా, ఒకే పేజీ పట్టుకొని వ్యవసాయాధికారి దగ్గరకు పోతే ఆ మాటకు బరువుంటుంది. ఈ పనికి ఒక లాటు నంబరు కాలమ్ చాలును.

లేని కాలమ్ సంగతి

ఇక్కడ ఒక పెద్ద విషయం చెప్పవలసి ఉన్నది. డేటాబేసులో ఏమి వ్రాశారన్నది ఎంత ముఖ్యమో, ఏ కాలమ్‌లు పెట్టారన్నది అంతకంటె ముఖ్యం. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. ధరణి వచ్చినప్పుడు అది లేకుండా పోయింది. ఆ కాలమ్ వల్ల తగాదాలు వచ్చేవనీ, దొంగ పేర్లు ఎక్కేవనీ చెప్పారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే కాలమ్ తీసివేసినంత మాత్రాన కౌలుకు దున్నేవాడు పొలంలోనుండి పోలేదు; కాగితం మీదనుండి మాత్రమే పోయినాడు.

2018లో ఆరంభమైన రైతుబంధు పట్టాదారులకే అందినది. అదే సంవత్సరం ఆగస్టు 15 నుండి అమలైన రైతుబీమా కింద, పద్ధెనిమిది మొదలు యాభైతొమ్మిది సంవత్సరాల వయస్సు గల రైతు ఏ కారణంచేత మరణించినా కుటుంబానికి ఐదు లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఎంతో మేలైన పథకం. కాని ఆ జాబితా పట్టాదారుల పట్టిక నుండి తయారైనది. సెంటు భూమి లేక, ఐదెకరాలు కౌలుకు పట్టి, అప్పు తెచ్చి పత్తి పెట్టినవాడు మరణిస్తే అతని భార్యకు ఆ పట్టికలో వరుస లేదు. కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వడానికి 2011లోనే ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేశారు. చట్టం ఉన్నా పట్టికలో చోటు లేకపోతే ఫలం చేతికందదు.

పట్టాదారుకు హక్కు నష్టం కలుగకుండా సాగుదారును నమోదు చేయడం సాధ్యమేనని నా అభిప్రాయం. పైన చెప్పిన మూడు పట్టికల పద్ధతిలో యాజమాన్యం కమతానికి చెందిన కాలమ్‌లో ఉంటుంది. ఈ కారుకు ఎవరు సాగుచేశారన్నది పంటల పట్టికలో ఉండవచ్చును. ఒకటి హక్కు, మరొకటి ఆ కారు నాటి వాస్తవం. కారు తీరగానే ఆ వరుస ముగుస్తుంది. భూమి మీద హక్కు పుట్టదు. రెండింటిని ఒకే కాలమ్‌లో కలిపినందువల్లనే కదా ఇన్నేళ్లు తగాదా నడిచింది! డేటాబేసు ఎట్లా కట్టుతారో తెలిసిన రైతే ఈ మాట గ్రామసభలో నిలబడి చెప్పగలడు. తెలియనివాడు "మా పేరు ఎక్కించండి" అని వేడుకొనగలడు, అంతే.

"ఆపరేటరు ఉన్నాడు కదా" అనేవారికి

"మీసేవలో పిల్లవాడు ఉన్నాడు, యాభై రూపాయలిస్తే చేసిపెడతాడు, ఈ వయస్సులో మాకెందుకు?" అని కొందరు పెద్దలు అడుగుతారు. వారికి ఒక్క మాట జ్ఞాపకం చేస్తాను. ఒకప్పుడు ఊరి లెక్కలన్నీ పట్వారీ పెట్టెలో ఉండేవి. చదవగలిగినవాడు అతడొక్కడే. ఏ నంబరు ఎవరి పేర వ్రాసినదీ అడిగే ధైర్యం, చదివే శక్తి ఎవరికీ లేవు. మంచి పట్వారీలు లేకపోలేదు. అయినా ఊరంతా ఒక్క మనిషి మంచితనం మీద ఆధారపడవలసి వచ్చేది. 1984-85లో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేశారు. పెట్టె పోయింది. ఆ స్థానంలో పాస్‌వర్డు వచ్చింది. దానిని చదవగలిగినవాడు ఊరికి ఒక్కడే అయితే పాత కథ మళ్లీ మొదలవుతుంది.

ఎద్దు కొనేటప్పుడు పండ్లు చూస్తాము, విత్తనం కొనేటప్పుడు పిడికెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూస్తాము. మన పేర వ్రాసిన వరుసను మాత్రం చూడకుండా వేలిముద్ర వేస్తాము. 2025-26లో పత్తి అమ్మకానికి భారత పత్తి సంస్థవారు కపాస్ కిసాన్ అనే ఫోను యాప్‌లో పేరు నమోదు చేసుకొని, రోజు కేటాయించుకొని రావలెనని నియమం పెట్టారు. పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర. ఎకరాకు ఇన్ని క్వింటాళ్లే కొంటామనే పరిమితి కూడా పెట్టారు. అంటే పంట నమోదులో ఎకరం తక్కువ పడితే, ఆ ఎకరం పత్తిని మద్దతు ధరకు అమ్ముకొనే వీలు పోయినట్లే. విత్తిన నెలలో ఐదు నిమిషాలు చూసుకోనందుకు, పత్తి తీసిన నెలలో ఏనుమాముల మార్కెట్టు ముందు బండి నిలుపుకొని వ్యాపారి చెప్పిన ధరకు ఒప్పుకోవలసి వస్తుంది.

నేర్చుకొను విధానం

నాలుగు వారాలు, రోజుకు ఒక గంట చాలును. మొదటి వారం కంప్యూటరు ముట్టవద్దు. ఒక నోటుపుస్తకంలో పైన చెప్పిన మూడు పట్టికలు గీసి, మీ ఇంటివీ, ఇరుగుపొరుగువారివీ ఇరవై కమతాలు వ్రాయండి. ఏ కాలమ్ అవసరమో, ఏది అనవసరమో అప్పుడే తెలుస్తుంది.

రెండవ వారం వాటిని కంప్యూటరుకు ఎక్కించండి. లిబర్ ఆఫీస్ బేస్ అనే సాఫ్ట్‌వేరు ఖర్చు లేకుండా లభిస్తుంది. ఎం.ఎస్. యాక్సెస్ ఉన్నవారు దానిని వాడవచ్చును. తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయవలెను. పాత అచ్చు ఫాంట్లలో కొట్టినది తెర మీద అందంగా కనబడినా, మరొక కంప్యూటరులో వెదకడానికి పనికిరాదు. ప్రతి కాలమ్‌కు అది అంకెయా, అక్షరమా, తేదీయా అని ముందే నిర్ణయించండి.

మూడవ వారం మొత్తాలు కట్టించి, చేతి లెక్కతో సరిపోల్చండి. తేడా వస్తే సంతోషించండి. ఎక్కడ పొరపాటు జరుగుతుందో ఇరవై వరుసలలోనే దొరికింది. రెండు వేల వరుసలు నింపిన తరువాత దొరకదు. విత్తు ఒకటి నాటితే చెట్టు ఒకటి మొలుస్తుందా? తప్పు నింపి ఒప్పు తీయగల యంత్రం ఇంకా పుట్టలేదు.

నాలుగవ వారం ప్రశ్నలు వేయడం నేర్వండి. "యాసంగిలో వరి వేసిన కమతాలు చూపుము." "ఒక ఎకరం లోపు ఉన్న రైతులు ఎందరు?" "ఫోను నంబరు లేని వరుసలు ఏవి?" ఈ ప్రశ్నలకు జవాబు తెర మీద వచ్చిననాడు మీ భయం పోతుంది. పని ముగిసిన ప్రతిరోజు ఒక ప్రతిని పెన్‌డ్రైవులో దాచవలెను. ఇతరుల ఆధార్, బ్యాంకు నంబర్లు గల జాబితాలను వాట్సప్‌లో పంపడం మాత్రం ఎంతమాత్రం తగదు. ఊరివారు నమ్మి ఇచ్చిన వివరాలవి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఉన్నది.

నేర్పేవారు లేరని వెనుకాడవద్దు. మన మహిళా సంఘాల లెక్కలు వ్రాసే అక్కచెల్లెళ్లు పొదుపు, అప్పు, వాయిదా పట్టికలను ఏళ్ల తరబడి నడుపుతున్నారు. వరుస తప్పితే ఎంత గొడవో వారికి తెలిసినంత మనకు తెలియదు. వారితో కలిసి కూర్చోండి. రైతు వేదికలో విస్తరణాధికారిని అడగండి.

అధికారులకు మనవి

మూడు మనవులు ఉన్నవి. మొదటిది, గ్రామపాలన అధికారులకూ, విస్తరణాధికారులకూ ఇచ్చే శిక్షణ ఉపన్యాసంగా కాక, వారి సొంత గ్రామం పేజీ ఒకటి ముందు పెట్టుకొని చేసే పనిగా ఉండవలెను. విత్తనం సంగతి ప్రదర్శన క్షేత్రంలో చూపినట్లే దీనినీ చూపవలెను.

రెండవది, పంట నమోదు ముగిసి తాళం వేయకముందు, జాబితాను రైతు వేదికలో ఒకసారి బిగ్గరగా చదివి వినిపించవలెను. గోడకు అంటించడం చాలదు; చదువురానివారు ఉన్నారు. వినిపిస్తే "అది పత్తి కాదు, పసుపు" అని పక్క చేనువాడు వెంటనే చెప్పుతాడు. కర్ణాటకలో సుమారు 67 లక్షల మంది రైతుల రెండు కోట్ల పహాణీలను భూమి అనే పథకం కింద కంప్యూటరుకెక్కించినప్పుడు, తాలూకా కార్యాలయంలో రైతు వైపు తిరిగి ఉండే రెండవ తెర ఒకటి పెట్టారు. ఉద్యోగి కొట్టేది రైతు కండ్లముందే కనబడేది. ఖర్చు కొద్ది, మేలు పెద్దది. ప్రతి మండల కార్యాలయంలో అట్లాంటి తెర ఉండవలెను.

మూడవది, దిద్దుబాటుకు జాడ ఉండవలెను. పాత రికార్డులో పొరపాటు జరిగితే గీత కొట్టి, పక్కన సరియైనది వ్రాసి, సంతకం పెట్టేవారు. కింద ఏమున్నదో కనబడేది. డేటాబేసులో కూడా పాత విలువ ఏమిటి, ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో మార్చారు అనేది దాచే వీలున్నది. ఆ జాడను రైతు అడిగినప్పుడు చూపవలెను. 2025 భూభారతి చట్టం తప్పుల సవరణకూ, అప్పీలుకూ దారి కల్పించింది. తప్పు ఎప్పుడు పుట్టిందో తెలిస్తేనే ఆ దారిన నడవడం సులువు.

రైతు సోదరులారా! ఈ కారు పని మొదలుకాకముందే ఒక పని చేయండి. మీ పేర ప్రభుత్వ పట్టికలో ఉన్న వరుసను తీయించి, ప్రతి కాలమ్‌ను వేలు పెట్టి చదవండి. పుట్టిన తేదీ కూడా చూడండి; అందులో రెండేళ్లు తేడా వస్తే రైతుబీమా పోవచ్చును. తప్పుంటే అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. సరిగా ఉంటే దాని నకలును మీ నోటుపుస్తకంలో అంటించండి. ఇక మీదట ఎవరైనా "కంప్యూటరులో అట్లా ఉన్నది" అంటే, "ఏ కాలమ్‌లో, ఎవరు వ్రాశారు, ఏ తేదీన?" అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్న అడగగలిగిన రైతులు ఊరికి పదిమంది ఉన్ననాడు ఆ ఊరి రికార్డు దానంతట అదే చక్కబడుతుంది.